తెరిచే ఉంచినం, ఏమీ అమ్మలే

కూసో బిడ్డా. ఆ గుమ్మం కాడ కాదు, ఇటు దగ్గరికి రా. సగం చెవి నా మాట మీద, సగం చెవి ఆ ఫోన్ మీద పెట్టేటట్టయితే నేను చెప్ప. సరిగ్గ విను, నేనెట్ల అంటే అట్లనే రాయి. అందంగ దిద్దకు.

మన చౌరస్తా ఇప్పుడున్నట్టు ఉండకపోయేది. బాసగూడ పోయే రోడ్డు సన్నగ ఉండె, దానికి ఆనుకొని మా ఏడు దుకాణాలు. కర్రలు, పైన రేకులు, అంతే. నాది చాయ్ హోటల్. నా పక్కన దర్జీ, నన్ను అక్కా అంటడు గదా, ఆయనే. ఆ అవతల సైకిల్ పంచర్లేసేటాయన. నక్సలైట్లకు, ఫోర్సోళ్లకు నడుమ గడబిడ నడిచిన కాలంల ఊరు ఖాళీ అయితే మేమంతా చర్ల దిక్కు పోయి మిరపకాయలు ఏరుకొని బతికినం. తిరిగొచ్చి ఒక్కొక్క రేకు మోసుకొచ్చి కట్టుకున్న దుకాణాలు అవి.

రోడ్డు వెడల్పు చేస్తమన్నరు. చెయ్యండ్రి, బస్సొస్తే మాకు మాత్రం చేదా? రోడ్డు పని మీ కాడికి రాంగనే రేకులు పీకేసుకోండ్రి అన్నరు. సరేనన్నం. ఎందుకంటే వెనకాల ఏడు పక్కా దుకాణాలు లేస్తున్నయి, అవి మాకేనని అందరం అనుకున్నం. గోడలు లేసినయి, షట్టర్లు పెట్టిన్రు. అప్పుడు అవి కట్టిచ్చిన ఠేకేదారు వచ్చి, బోలీ పెడ్తం, ఎవరు ఎక్కువ పాడితే వాళ్లకే అన్నడు. మేమెక్కడ పాడగలం?

ఇగ జీపులేసుకొని బయటోళ్లు వచ్చుడు, షట్టర్లు ఎత్తి చూసుడు. ఒకాయన దంతెవాడ నుంచి వచ్చిండు. నా బెంచీ మీదనే కూసోని, నా చాయే తాగుకుంట, "ఈ మూలది మంచిగుంది, ఇక్కడ హోటల్ పెడితే నడుస్తది" అని పక్కాయనతో అంటాండు. నేను గ్లాసులు కడుగుతున్న. కడిగిన గ్లాసే మళ్లా కడిగిన.

సర్పంచి కాడికి పోయినం. చూస్తమన్నడు. ఆఫీసుకు పోయినం. సాబ్ మీటింగ్‌ల ఉన్నడన్నరు. ఇంతల తెలిసిందేందంటే, అంగడి రోజు మేం ఓట్లేసి గెలిపిచ్చిన నాయకుడొచ్చి కొత్త దుకాణాలకు రిబ్బన్ కోస్తడు, తెల్లారి బోలీ.

ఆ మాట వినంగనే పంచరాయన లేసిండు. "వదినా, ఆ రోజు అన్నీ మూసేద్దాం. ఒక్క బీడీ దొరకొద్దు వాళ్లకు!"

దర్జీ ముఖం పాలిపోయింది. "మూసేస్తే ఏమైతదో తెల్వదా అన్నా? గుండీలు కుట్టుకునేటోన్ని, నన్ను జేలుకు పంపుతవా?"

ఆయన భయం ఊరికెనే కాదు బిడ్డా. నువ్వు రాయిపూర్ల చదువుకుంటివి, నీకు తెల్వదు. వేరే కాడ దుకాణం మూస్తే కోపమొచ్చి మూసిన్రంటరు. మన కాడ మూస్తే అడివి లోపలోళ్లు, ఆ నక్సలైట్లు, చెప్తే మూసిన్రంటరు. పోలీసు ఫోర్సోళ్లొచ్చి తలుపు కొట్టి అడుగుతరు. తెరిస్తే మళ్లా లోపలోళ్లతోని తంటా. ఏండ్ల తరబడి అదే నడిచె. నాయకుడొచ్చే రోజు మూసుడంటే ఇంకేమన్న ఉందా!

నేనన్న, "మూయొద్దు. పొద్దుగాలనే తెరుద్దాం. అమ్మొద్దు."

"అమ్మకపోతే తెరుసుడెందుకు వదినా, గాలికా?" అని ఎక్కిరించిండు పంచరాయన.

"మూసినోన్ని పట్టుకుంటరు. తెరిచి కూసున్నోన్ని ఏమని పట్టుకుంటరు?"

అంగడి రోజు రానే వచ్చింది. పొయ్యి ముట్టించిన, పాలు పెట్టిన, గ్లాసులు వరసగ బోర్లించిన. దర్జీ మిషన్ తొక్కుతాండు, దాంట్ల దారం లేదు, బట్ట లేదు. టకటక టకటక ఒకటే సప్పుడు. పంచరాయన ఒకటే ట్యూబుకు గాలి కొట్టుడు, తీసుడు. అంగడికొచ్చిన దోర్ల గూడేల ఆడోళ్లు చింతపండు గంపలు దించి చాయ్ అడిగిన్రు. ఇయ్యాల పొయ్యనని వాళ్ల భాషలనే చెప్పిన. ఒకరి ముఖం ఒకరు చూసుకొని, గంపలు జరుపుకొని నా ముందరనే కూసున్నరు. ఒక్కతి గూడ లేవలే.

ముందుగాల పోలీస్ ఠాణా పెద్దసాబ్, థానేదారు, వచ్చిండు, వెనక తుపాకులోళ్లు. "చాయ్ దో."

"లేదు సాబ్."

"బంద్ హై క్యా? బంద్ కిస్నే బులాయా?" ఎవరు పిలిచిన్రు బంద్ అని గద్దించిండు.

"బంద్ కహాఁ సాబ్? దుకాణ్ ఖులా హై." బందెక్కడిది, తెరిచే ఉందని మండే పొయ్యిని చూపిచ్చిన.

ఆయన పొయ్యి చూసిండు, పాలు చూసిండు, దారం లేని మిషన్ చూసిండు. దర్జీ కాలు ఆగింది. "ఆపకు తమ్ముడూ" అన్న మెల్లగ. మళ్లా తొక్కిండు.

అంతల నాయకుని బండ్లు వచ్చినయి. ఆయన దిగి నవ్వుకుంట, "అమ్మా, నీ చాయ్ మంచిగుంటదటగా" అన్నడు హిందీల. దండం పెట్టిన. "రేపటి సంది చాయ్ ఎక్కడ పొయ్యాల్నో తెల్వదు సాబ్. ఆ కొత్త దుకాణాలు ముందు మాకియ్యండ్రి. అప్పుడు కడుపునిండ పోస్త."

"చూస్తలే, ముందైతే చాయ్ పొయ్యి."

కడమ ఆరు దుకాణాలోళ్లూ నా దిక్కే చూస్తున్నరు. పోస్తే ఒప్పుకున్నట్టే. "మైకుల చెప్పండ్రి సాబ్" అన్న. నా నోట్లె నుంచి ఆ మాట ఎట్లొచ్చిందో నాకే తెల్వదు. నవ్వు పోయింది ఆయన ముఖంల. థానేదారు ఒక అడుగు ముందుకేసిండు. గంపల కాడి ఆడోళ్లు లేసి నిలబడ్డరు. నాయకుడు ఆ జనాన్ని చూసిండు, అటు మైకు దిక్కు పోయిండు.

మైకుల ఏవో చానా చెప్పిండు, నాకు ఎక్కలే. ఆఖరుకు, బోలీ లేదు, పాతోళ్లకే ముందు అన్నడు. ఠేకేదారు ముఖం మాడ్చుకొని తాళంచెవుల గుత్తి తెచ్చి నా బల్ల మీద పడేసిండు.

లెక్క చూస్తే ఆరే ఉన్నయి! ఒక దుకాణం గుట్టుగ ముందే ఎవరికో ఇచ్చేసిండట. నాయకుని బండి కదిలిపాయె. ఇగ చూడు బిడ్డా, పొద్దుటి సంది ఒక్క మాట మీదున్నోళ్లం, ఒకరి చెయ్యి ఒకరం చూసుకుంటున్నం. పంచరాయన అప్పుడే ఒక తాళంచెవి పట్టుకున్నడు. దర్జీ మాత్రం చేతులు ఎనక్కు పెట్టుకున్నడు. "నాకొద్దులే అక్కా, ఎవరి అరుగు మీదనన్న మిషన్ ఏసుకుంట."

నాకు మస్తు కోపమొచ్చింది. "నా పొయ్యి ఎట్లాగు బయటనే ఉంటది. లోపల సగం నువ్వు కూసో" అన్న. ఒప్పుకున్నడు, కానీ ఆ రోజు సంది ఒకటే లొల్లి. నీ పొగకు నా బట్టలు నల్లగైతున్నయి అక్కా అంటడు. నీ గుడ్డపేలికలు నా పాలల్ల పడుతున్నయని నేనంట. మొన్నయితే ఎవరో మాస్టరు తెల్ల చొక్కా కుట్టనిస్తే, దాన్ని తీస్కపోయి సక్కగ నా బజ్జీల మూకుడు మీద ఉన్న తీగకు—

"అత్తా! అన్నం పెట్టిన, సల్లారిపోతాంది, రా!"

కోడలు పిలుస్తాంది, కడమది తిన్నంక చెప్త, పా బిడ్డా.