నిండుగా తిరిగివచ్చిన బిందె

నా చిన్నప్పుడు, పెరటి బావి గిలక కిర్రుమంటే చాలు, వసారాలో కూర్చున్న మా తాతయ్య వెన్ను ఇంకాస్త నిటారయ్యేది. ఆ బావి మా ముత్తాతగారు తవ్వించింది. కొల్లేటి ఒడ్డున ఉన్న మా ఊళ్ళో ఒకప్పుడు తియ్యటి నీళ్ళున్న బావి అదొక్కటేనట. సగం ఊరు బిందెలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడేదని, పాలేర్లు తోడి పోసేవారని, ఎవరినీ ఏనాడూ కాదనలేదని తాతయ్య చెప్పేవారు. నాకు ఊహ తెలిసేనాటికి పాలేర్లు లేరు, పొలాలూ లేవు. పొలాలున్న చోట ఎవరెవరివో చేపల చెరువులు ఉండేవి. ఇంటి ముందు భాగం కూలిపోతే వెనక మిగిలిన గదుల్లో సర్దుకున్నాం. మా నాన్నగారు తాడేపల్లిగూడెంలో ఒక ఉల్లిపాయల కొట్లో కాటా దగ్గర గుమాస్తా. ఆదివారాలు మాత్రమే ఇంటికి వచ్చేవారు. ఊళ్ళో ఎవరైనా అడిగితే వ్యాపారం అని చెప్పాలని మాకు నేర్పారు. మావి అని చెప్పుకోవడానికి ఆ బావి ఒక్కటే మిగిలింది.

ఆ బావి నీళ్ళు ఉప్పెక్కాయి. ఎప్పుడు ఎక్కాయో మాకు తెలియదు. చుట్టూ చెరువులు తవ్వాక, వేసవిలో ఉప్పుటేరు మీదుగా సముద్రపు నీరు ఎగదన్నడం మొదలయ్యాక, ఏటికేడాది కాస్త కాస్తగా ఎక్కి ఉంటాయి. రోజూ అవే తాగే మా నాలుకలకు ఆ తేడా అందలేదు. పప్పు ఉడకకపోతే కొట్టువాడు పాత పప్పు అంటగట్టాడని తిట్టుకునేవాళ్ళం. ఊరందరూ పంచాయతీ కుళాయికి వెళ్ళేవారు. వేసవికి కాలువలు కట్టేసేముందు మంచినీళ్ళ చెరువు నింపుకుంటే, మళ్ళీ కాలువలు వదిలేదాకా కుళాయిలో వచ్చేవి ఆ నీళ్ళే. ఒక ఆదివారం భోజనాల దగ్గర నాన్నగారు, "మనం కూడా కుళాయి నీళ్ళు తెచ్చుకుంటే బాగుంటుందేమోనండీ" అన్నారు. తాతయ్య కంచం ముందు నుంచి లేచిపోయారు. చెయ్యి కడుక్కుని వచ్చి, "పదిమందికి నీళ్ళు పోసిన ఇల్లిది. ఈ ఇంటి బిందె వీధి కుళాయి కింద పెట్టేది నేను పోయాకే" అన్నారు. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ వేసవిలో అమ్మకు ఏడో నెల. తమ్ముడికి ఇంకా రెండేళ్ళు నిండలేదు. అమ్మమ్మ అప్పటికే పోయింది కాబట్టి పురిటికి వెళ్ళడానికి అమ్మకు పుట్టిల్లంటూ లేదు. రోహిణి ఎండకు పైకప్పు రేకు టపటపమనేది. కరెంటు పోతే తాటాకు విసనకర్రే దిక్కు. తమ్ముడు పొద్దస్తమానం "ఎత్తుకో, ఎత్తుకో" అని అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని వేలాడేవాడు. అమ్మ వాణ్ణి ఎత్తుకోలేకపోయేది. కాళ్ళు చాపుకుని స్తంభానికి ఆనుకుని కూర్చుంటే వాడు ఒక ఆట కనిపెట్టాడు. వాచిన పాదం మీద వేలితో నొక్కేవాడు. వేలు తీసినా గుంట అలాగే ఉండేది. వాడు "గుంత! గుంత!" అని చప్పట్లు కొట్టేవాడు. అమ్మ నవ్వేది. నేను మాత్రం ఆ గుంట ఎప్పుడు పూడుతుందా అని చూస్తూ ఉండేదాన్ని.

ఏలూరులో డాక్టరమ్మ బి.పి. ఎక్కువగా ఉందని మాత్రలు రాసి, ఉప్పు మానేయమంది. నాయనమ్మ ఆ మాట తు.చ. తప్పలేదు. అమ్మకు విడిగా చప్పిడి కూరలు వండేది. కొత్త ఆవకాయ కలిపిన రోజులు. వాసన ఇల్లంతా కమ్ముకునేది. అమ్మ ముద్ద కూడా అడగలేదు. అయినా రెండోసారి వెళ్ళినప్పుడు బి.పి. ఇంకా పెరిగింది. "ఉప్పు మానలేదా అమ్మా? వచ్చేసారికి కూడా ఇలాగే ఉంటే నెలలు నిండకుండానే కాన్పు చేయాల్సి వస్తుంది. అప్పుడు తల్లినీ బిడ్డనూ ఇద్దర్నీ దక్కించుకోవడం కష్టం" అని డాక్టరమ్మ నాయనమ్మ ముఖం మీదే చెప్పింది.

ఇంటికి రాగానే నాయనమ్మ అమ్మ ఎదురుగా నిలబడింది.

"నిజం చెప్పు. నేను కునుకు తీస్తున్నప్పుడు జాడీ మూత తీశావు కదూ?"

"లేదండీ అత్తయ్యగారూ."

"మరి ఉప్పు ఎక్కణ్ణుంచి వస్తోంది, గాల్లోంచా?"

నాయనమ్మ పచ్చళ్ళ కొట్టుగదికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మనుషుల చప్పుడు లేదు. నాకు జాడీల మీద కాదు, అమ్మ మీద కాదు, ఇంకా పుట్టని ఆ బిడ్డ మీదే ధ్యాస ఉండేది. పొద్దున్న లేవగానే ముందు అమ్మ పాదాలు చూసేదాన్ని.

మా పడిపోయిన ప్రహరీ అవతల ఒక రేకుల ఇల్లు. అందులో పక్కింటి అక్క ఉండేది. వాళ్ళాయన చేపల చెరువు మీద కాపలా. వాళ్ళ అత్త ఒకప్పుడు మా గుమ్మంలో బిందెతో నిలబడిన మనిషే. అమ్మ అవస్థ చూసి అక్క మధ్యాహ్నాలు తమ్ముణ్ణి గోడ పగులులోంచి తీసుకెళ్ళి ఆడించేది. వాళ్ళింట్లో నీళ్ళు మేము తాగకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే తెలిసిపోయే సంగతులు మా ఇంట్లో చాలా ఉండేవి. తమ్ముడికి అవి ఇంకా తెలియలేదు. వాడు అక్కడ కడుపునిండా నీళ్ళు తాగి వచ్చేవాడు. ఒక సాయంత్రం నాయనమ్మ గ్లాసుతో నీళ్ళు పట్టిస్తే ఆమె చీర మీదే ఉమ్మేశాడు. "చీ! అక్క నీళ్ళు" అని ఏడ్చాడు. "వీడికి పొరుగింటి రుచులు మరిగాయి" అని నాయనమ్మ వీపు మీద ఒకటి వేసింది. వాణ్ణి దించడానికి వచ్చిన అక్క ఇంకా గోడ దగ్గరే ఉంది. తాళం గొడవ తన చెవిన పడే ఉంటుంది. వాడి వైపు చూసింది, అమ్మ పాదాల వైపు చూసింది. గోడ దాటి వెళ్ళిపోయింది. మీ బావి నీళ్ళు ఉప్పండీ అని మా తాతయ్యతో అంటే ఏమవుతుందో ఊళ్ళో అందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్న అక్క గోడ పగులులోంచి కాకుండా వీధి గుమ్మంలోంచి వచ్చింది. చేతులు ఖాళీ. తాతయ్య కుర్చీకి దూరంగా నిలబడింది.

"పెద్దబాబుగారండీ, ఒక్క మాటండీ."

"ఏమిటమ్మా?"

"మా అత్తకి ఒంట్లో బాగోలేదండీ. చిన్నప్పుడు తాగిన మీ బావి నీళ్ళు ఒక్కసారి తాగాలని ఒకటే గోలండీ. నేను అడక్కపోతే, మా కోడలు గుక్కెడు నీళ్ళు కూడా పొయ్యలేదని ఊరంతా చాటింపేసుద్దండీ. ఒక్క బిందె ఇప్పిస్తారాండీ?"

నాకు తెలిసి మా ఇంటికి వచ్చి నీళ్ళు అడిగిన మొదటి మనిషి ఆమె. తాతయ్య వెంటనే లేచారు. "మీకు నడుం పట్టేస్తుందండీ" అని నాయనమ్మ అంటున్నా వినకుండా తానే చేద వేసి తోడారు. అక్క బిందె తేలేదని గమనించి, లోపలి నుంచి మా పెద్ద ఇత్తడి బిందె తెప్పించారు. అది అంచుదాకా నింపి, "మీ అత్తను కులాసాగా తాగమను. ఇంకా కావాలంటే రా" అన్నారు. ఆయన గొంతులో అంత ఉత్సాహం నేను అంతకుముందు వినలేదు. "ఆయ్, అలాగేనండీ" అని అక్క బిందె చంకనెత్తుకుని, ఒక పక్కకు ఒరిగి నడుస్తూ వెళ్ళింది.

దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చింది. బిందె నిండుగా ఉంది. మూతి మీద తడిగుడ్డ కప్పి ఉంది. వసారాలో దించింది.

"అదేమిటే, నీళ్ళు తిప్పి తెచ్చావేం?" అంది నాయనమ్మ.

"అవి కావండీ, ఇవి కుళాయి నీళ్ళండీ. కడుపుతో ఉన్న మనిషున్న ఇంటికి ఖాళీ బిందె పట్టుకుని ఎలా వత్తానండీ? చిన్నమ్మగారు ఎదురైతేనో?"

అమ్మకు ఖాళీ బిందె ఎదురు రాకూడదని ఆ వేసవంతా మమ్మల్ని కసురుతున్నది నాయనమ్మే. "ఉంచుకుంటారో, మొక్కలకి పోసుకుంటారో మీ ఇట్టం అండీ" అని అక్క వెనక్కు చూడకుండా వెళ్ళిపోయింది.

బిందె వసారా మధ్యలో ఉంది. అందరం దాని చుట్టూ ఉన్నాం, ఎవరమూ దాన్ని చూడటం లేదు. చివరికి నాయనమ్మ నాతో, "చెంబు తెచ్చి కరివేపాకు మొక్కకి పొయ్యవే" అంది. నేను చెంబు తెచ్చేలోగా తమ్ముడు తన స్టీలు గ్లాసుతో వచ్చేశాడు. తడిగుడ్డ లాగేసి, మోచేతి దాకా బిందెలో ముంచి, గటగటా తాగాడు. మళ్ళీ ముంచాడు. ఈసారి రెండు చేతులతో పట్టుకుని, దారంతా ఒలకబోసుకుంటూ అమ్మ దగ్గరకు నడిచాడు.

"అమ్మా, తాగు."

అమ్మ గ్లాసు అందుకుంది. నాయనమ్మ వైపు చూసింది, తర్వాత తాతయ్య వైపు. మా ఇంట్లో తాతయ్య ఊ అనకుండా ఏదీ జరగదు. ఆయన ఊ అనలేదు, వద్దనీ అనలేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. అమ్మ తాగింది. ఖాళీ గ్లాసు వాడికిచ్చి, "ఇంకోటి తే నాన్నా" అంది. అదీ తాగి, తలెత్తి చూసింది.

"మామయ్యగారూ, ఈ నీళ్ళు తియ్యగా ఉన్నాయండీ."

ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు ఆ గొంతు. ప్రాణం మీదకు వచ్చిన మనిషి దాచకుండా చెప్పినట్టుంది. నాయనమ్మ ఏదో అనబోతే తాతయ్య చెయ్యెత్తి ఆపారు. లేచి వచ్చి తమ్ముడి చేతిలోని గ్లాసు తీసుకున్నారు. బిందెలో ముంచి, నిలబడే తాగారు. అదే గ్లాసుతో బావి దగ్గరకు నడిచి, గోలెంలోని మా నీళ్ళు ముంచుకుని నోట్లో పోసుకున్నారు. చాలాసేపు మింగలేదు. మాకు ఆయన వీపే కనిపిస్తోంది. అప్పుడు కూడా వెన్ను వంగలేదు. మెడ మాత్రం కాస్త వాలింది.

తిరిగి వచ్చి నాయనమ్మతో, "ఉప్పు గాల్లోంచి రాలేదు. అమ్మాయి జాడీ ముట్టుకోలేదు" అన్నారు. గ్లాసు తమ్ముడికిచ్చి, "పొద్దున్న ఆ పిల్ల వచ్చేసరికి బిందె నింపి ఉంచుతాను. వాళ్ళ అత్తకు ఇంకా కావాల్సి రావచ్చు" అన్నారు. నాయనమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసి అమ్మ పక్కన నేల మీద పెట్టింది. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి రోజూ పొద్దున్న మా బిందె బావి నీళ్ళతో వెళ్ళేది, సాయంత్రం కుళాయి నీళ్ళతో తిరిగి వచ్చేది. వారం తర్వాత ఏలూరు వెళ్తే బి.పి. పెరగలేదు. ఆపైసారి కొంచెం తగ్గింది. నీళ్ళ వల్లేనని నేను వాదించను, మాత్రలు కూడా మింగింది కదా. అమ్మ పాదం మీద వేలి గుంట త్వరగా పూడటం మొదలైంది. తమ్ముడికి ఆ ఆట మీద ఆసక్తి పోయింది. శ్రావణమాసపు వానల్లో, నెలలు నిండాక, చెల్లెలు పుట్టింది.

ఈలోగా ఒక రోజు నేను ఉండబట్టలేక అక్కను అడిగాను, మీ అత్త రోజూ మా బావి నీళ్ళు తాగుతోందా అని. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా అత్తా? ఆ నీళ్ళు పోస్తే నన్ను చీపురు తిరగేసి కొడుద్దమ్మా. వాటితో గచ్చు కడుగుతున్నాను. మా ఇల్లు ఎప్పుడన్నా ఇలా మెరిసిందేంటి? తాతగారికి చెప్పకేం" అంది. చెప్పనని మాటిచ్చాను. మర్నాడు పొద్దున్న తాతయ్య నీళ్ళు తోడుతూ బిందె సగానికి రాగానే ఆపేశారు. నిండలేదు తాతయ్యా అన్నాను. "గచ్చు కడుక్కోవడానికి ఇవి చాలు. ఆ పిల్ల ఎంతని మోస్తుంది?" అన్నారు, నా వైపు చూడకుండా. నాకు తెలిసి ఆ ఇద్దరూ ఈ సంగతి ఒకరితో ఒకరు ఎన్నడూ మాట్లాడుకోలేదు.

నేనూ ఆ ఇంటి మనిషినే. నా వెన్ను కూడా అంత తేలిగ్గా వంగదు. కాన్పు నొప్పులు వచ్చినప్పుడు కూడా ఎవరినైనా పిలవడానికి ఆలస్యం చేశాను. ఆ బిగువు ఎలా ఉంటుందో తెలుసు కనుక ఎదుటివాళ్ళలో ఉంటే గుర్తుపడతాను. కిందటి వేసవిలో మా పై వాటాలోకి ఒక అమ్మాయి వచ్చింది. చంకలో పిల్లాడు, కడుపులో ఇంకొకరు. సాయం కావాలా అంటే, "ఏం ఫరవాలేదండీ" అని తలుపు దగ్గరకు వేసేసేది. ఒక రోజు మా పాపను తీసుకుని ఆమె గుమ్మం ముందు నిలబడ్డాను. నాకు ఎదురుజడ వెయ్యడం చేతకాదు, నువ్వు కాస్త వేస్తావా అమ్మా అని అడిగాను. ఆమె ముఖం విప్పారింది. ఎంతో ఓపికగా జడ వేసింది. ఆ చనువుతో మర్నాడు తానే పిల్లాణ్ణి మా ఇంట్లో దింపి వెళ్ళి, సాయంత్రం దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

అలా అడగడం నాకు ఇప్పటికీ తేలిక కాదు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కు తిరిగి వచ్చిన రోజులున్నాయి. అయినా నాలాంటి మనిషి ఎదురైనప్పుడు నేనే ముందు చెయ్యి చాపి అడుగుతాను.