శౌరమ్మ చివరి సాయంత్రాలు

మా చిన్నమ్మమ్మ శౌరమ్మ రోజూ సాయంత్రం చనిపోవడానికి సిద్ధమయ్యేది. రోజూ పొద్దున్నే లేచి, అది జరగనందుకు కాస్త చిన్నబుచ్చుకుని, టీలో చక్కెర తక్కువైందని మా అమ్మతో తగాదా పెట్టుకునేది.

జబ్బేమీ లేదు. డెబ్బై దాటినా కంపలో దూరిన మేకను కొమ్ము పట్టి బయటకు లాగే మనిషి. కానీ ప్రతి రాత్రీ ఇదే ఆఖరిది అనుకుని పడుకోవాలని గుడిలో చెప్పిన మాటను ఆమె అక్షరాలా పాటించింది. గుడి అంటే మా చర్చి. పినపాక దాటాక అడవి మొదలయ్యే చోట సగం కోయ గూడెం, సగం మాలాంటి క్రైస్తవుల ఇళ్ళు ఉన్న మా ఊరి చివర ఉంటుంది. ఫాదర్ గారు రాని ఆదివారాల్లో అక్కడ జపాలు చెప్పించే ఉపదేశి శౌరమ్మ భర్తే. మంచి మరణం గురించి ఎందరికో బోధించిన ఆయన, మణుగూరు బస్సు కోసం నిలబడినచోటే కూలి, ఫాదర్ గారి ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం చేయకుండానే పోయాడు.

"బస్సుకు గంట ముందుగాల తయారయ్యెటోడు. మోక్షానికి మాత్రం తయారు గాలే" అని శౌరమ్మ ఆనాటి నుంచి తన ప్రయాణపు ఏర్పాట్లు మొదలుపెట్టింది.

పొద్దు గూకగానే తెల్లచీర కట్టుకుని, మెడలో జపమాల వేసుకుని, ఇంటింటికీ వీడ్కోలుకు బయలుదేరేది. మొదటి ఇల్లు మాదే.

"పోతున్ననే బిడ్డా."

"పోయొస్త అనాలె చిన్నమ్మా, మాపటి పూట పోతున్న అనొద్దు" అనేది అమ్మ.

"వచ్చేదుంటే గదా పోయొస్త అనేది! అబద్ధమాడి పైకి పొమ్మంటవా?"

పొద్దున ఆమె మా వాకిట్లో కనపడగానే మా నాన్న పేపర్ మీంచి తల ఎత్తేవాడు. "పోలేదా అత్తా?"

"పిలుపు రాలే అల్లుడా" అనేది, ఉద్యోగం ఆర్డరు రాని నిరుద్యోగిలా.

ఊళ్ళోకి కాయిన్ బాక్స్ ఫోను కొత్తగా వచ్చిన రోజులవి. ఒకసారి అందులో రూపాయి వేసి ఫాదర్ గారికి ఫోన్ చేసి, "సామీ, పోతున్న" అని చెప్పి పెట్టేసింది. పాపం ఆయన పోయేవాళ్ళకు నూనె పూసే అవస్థాభ్యంగనం చేయడానికి నూనె సీసా జేబులో పెట్టుకుని, వానలో బురదలో మోటార్ సైకిల్ మీద వచ్చేసరికి ఈవిడ అరుగు మీద అనుములు ఒలుస్తోంది.

"నేను మామూలుగ చెప్పిన సామీ, రోజు అందరికి చెప్పినట్టు. వచ్చినవ్ గదా, చాయ్ తాగు."

మే నెలలో మా ప్రాంతంలో కోళ్ళు కూడా నోరు తెరుచుకుని తిరుగుతాయి. ఆ ఎండలో శౌరమ్మ విసనకర్ర ముట్టేది కాదు. "మోక్షానికి ముందు ఉత్తరించు స్థలంల కాలుడుంటది. ఈ ఉడుకంత దాంట్ల జమ వేసుకుంటరు" అనేది. "అట్లయితే ఈ జిల్లా మొత్తం నేరుగా మోక్షానికే" అని నాన్న అంటే, "నువ్వు ఫ్యాను కింద కూసున్నవ్ అల్లుడా, నీకు జమ లేదు" అనేది.

ఇంతవరకు ఊరికి ఇబ్బంది లేదు. ఇబ్బంది క్షమాపణలతో వచ్చింది. ఎవరి మీదా ఏదీ మనసులో పెట్టుకుని పోకూడదు కనుక, ఆ రోజు చేసిన తప్పులన్నీ ఆయా ఇళ్ళకు వెళ్ళి ఒప్పుకునేది. చిక్కేమిటంటే, అవి తప్పులని ఆ ఇళ్ళవాళ్ళకు అప్పటిదాకా తెలిసేది కాదు.

"కళావతీ, నిన్న నీ పప్పుచారు కుడితి లెక్కుందని మనసుల అనుకున్న. మన్నించు బిడ్డా."

అంగన్‌వాడీ టీచరు కళావతి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మంచిగుందని రెండుసార్లు పోయించుకున్నవ్ గదా పెద్దమ్మా!"

"అది అబద్ధం. దానికి గూడ మన్నించు."

కళావతి వారం రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత శౌరమ్మ మళ్ళీ వెళ్ళి, ఆ వారం ప్రశాంతంగా ఉందని అనుకున్నందుకు క్షమాపణ చెప్పి వచ్చింది.

క్షమాపణల తర్వాత పంపకాలు. చేతికి అందిన వస్తువేదో తీసుకొచ్చి, "నేను పోయినంక ఇది నీది. పోయేదాని మాట కాదనొద్దు" అని చేతిలో పెట్టేది. మాకు రాగి చెంబు వచ్చింది. మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చింది, చెంబు కోసం.

"సావలే గదా! నా చెంబు ఇచ్చెయ్."

ఆ చెంబు అలా మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య తిరుగుతూనే ఉండేది. "ఇప్పుడది మనింట్ల ఉన్నదా, ఆమెతాన ఉన్నదా?" అని నాన్న అడిగితే అమ్మ బయటకు చూసి, పొద్దు ఎక్కడుందో చూసుకుని జవాబు చెప్పేది. కళావతికి ఇచ్చిన గోడ గడియారానిదీ అదే కథ. కొన్ని వస్తువులు మాత్రం తిరిగి అడగడం మర్చిపోయేది. కన్నమ్మకు ఇచ్చిన గొంగడి సంగతి ఎవరైనా ఎత్తితే, "ఏ గొంగడి? యాదికొస్తలేదు. ముసలిదాన్నయిపోయిన" అని నుదురు రుద్దుకునేది. పాపం, మతిమరుపు మొదలైందని మేమంతా జాలిపడ్డాం.

కన్నమ్మ గూడెంలో మొదటి ఇంటి బొజ్జయ్య భార్య. తునికాకు కోయడానికి వెళ్ళినప్పుడు ఎలుగుబంటి బొజ్జయ్య కాలు పట్టింది. దవాఖానాలో కాలు దక్కింది గానీ అడవికి వెళ్ళే కాలు కాదది. కన్నమ్మ ఒక్కతే కూలికి పోయేది. బొజ్జయ్యకు కాలి బలం పోయినా పౌరుషం పోలేదు. సర్పంచి పంపిన బియ్యం వెనక్కి పంపించాడు. గుడి తరఫున ఫాదర్ గారు కొత్త దుప్పటి తెస్తే కూర్చోబెట్టి ఇప్పపువ్వు పెట్టి, దుప్పటి మడత విప్పకుండా తిప్పి పంపాడు.

"నాకు చేతులున్నయ్" అనేవాడు. చేతులతో బుట్టలు అల్లేవాడు. బుట్టలు కొనేవాళ్ళు మాత్రం ఉండాలి కదా.

ఆ వానాకాలం శౌరమ్మకు నిజంగానే జ్వరం వచ్చింది, మా అడవి మలేరియా. ఫాదర్ గారు వచ్చి నూనె పూసి జపాలు చెప్పారు. ఎన్నాళ్ళుగానో చేసిన సాధన కదా, శౌరమ్మ మంచం మీద ఎంతో అందంగా పడుకుంది. కళ్ళు మూసుకునే, "బొజ్జయ్యను పిలువుండ్రి" అంది.

బొజ్జయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"తమ్ముడా, నేను పోతున్న. నా ఎర్రమేక నీది."

"నాకెందుకక్కా మేక?"

"పోయేదాని మాట కాదంటవా?"

మంచం చుట్టూ ఉన్నవాళ్ళంతా బొజ్జయ్య వైపు చూశారు. అతను తాడు పట్టుకుని, కడుపుతో ఉన్న ఆ మేకను తోలుకుపోయాడు. మూడోనాటికి శౌరమ్మ లేచి టీలో చక్కెర తక్కువైందంది.

బొజ్జయ్య మేకతో సహా వచ్చాడు. "సావలే గదక్కా. నీ మేక తీస్కో."

"ఏ మేక?"

"గీ మేక! నీ ముంగటనే ఉన్నది."

శౌరమ్మ మేకను ఎగాదిగా చూసింది. "ఎవరిదో మంచిగున్నది. జ్వరంల నాకేం యాది లేదు తమ్ముడా."

అతను రావడం, ఆమె మర్చిపోవడం అలా చాలాసార్లు జరిగింది. ఈలోగా మేక ఈనింది. రెండు పిల్లలు. ఇక లాభం లేదని, ఫాదర్ గారితోనే తేల్చుకుందామని బొజ్జయ్య ఒక శనివారం సాయంత్రం తల్లిని, పిల్లలను తోలుకుని గుడి మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాడు. లోపల పాపసంకీర్తనాలు జరుగుతున్నాయి. శౌరమ్మ వంతు వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. శౌరమ్మకు చెవుడు, మేమంతా ఆమెతో అరిచే మాట్లాడేవాళ్ళం. తన గొంతు తనకు వినపడదు. ఫాదర్ గారు కూర్చున్న జాలీ తెర ఇవతల మోకరించి ఆమె రహస్యంగా చెప్పే పాపాలు బయట వేపచెట్టు దాకా వినపడేవి. సంకీర్తనంలో విన్నది బయట పెట్టకూడదని మాకందరికీ తెలుసు. నేను రాస్తున్నానంటే ఆమె ఒప్పుకోబట్టే: "రాసుకో బిడ్డా. ఎట్లాగూ రేపటికి నేనుండ."

"సామీ, మతిమరుపని అబద్ధమాడుతున్న" అని గుడంతా మార్మోగింది. "నాకన్నీ యాదికున్నయ్. కన్నమ్మ గొంగడి యాదికుంది. ఎర్రమేక యాదికుంది. ఉన్నోళ్ళ దగ్గర అడిగి తెచ్చుకుంట. లేనోళ్ళ దగ్గర మర్చిపోయినట్టు జేస్త. గట్ల చెయ్యకపోతె బొజ్జయ్య తీస్కోడు సామీ. మీ దుప్పటే తీస్కోలే."

బెంచీల మీద మేమంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. మా అమ్మ పెదాలు కదిలాయి, చెంబు, చెంబు అని.

ఫాదర్ గారిది కేరళ. జపాల పుస్తకం చదివి తెలుగు నేర్చుకున్నారు. ఆమెకు వినపడాలి కనుక ఆయనా అరవాల్సిందే. "అబద్ధమాడినందులకు నీవు పశ్చాత్తాపపడుచున్నావా?"

"అదే సామీ తిప్పలు! పడదామనే చూస్తున్న. వస్తలేదు."

"ఇకమీదట అబద్ధమాడనని మాట ఇమ్ము."

"ఎట్లియ్యను సామీ? వాళ్ళ కప్పు ఉరుస్తున్నది. నాతాన తాటాకులున్నయ్. సోమారం ఇంకో అబద్ధం అనుకొని పెట్టుకున్న." ఆ తర్వాత ఆమె గొంతు ఎన్నడూ లేనంత చిన్నదైంది. "ఇన్నేండ్లు తయారయ్యి, గీ ఒక్కదాంతోటి నా మోక్షం ఆగుతదా సామీ?"

ఎవరూ నవ్వలేదు. రోజూ ఆమె తయారీ చూసి నవ్వుకున్నవాళ్ళమే. ఆమెకు అదెంత నిజమో ఆ ప్రశ్నతో తెలిసింది.

ఫాదర్ గారు జాలీకి దగ్గరగా జరిగారు. "మేకనిచ్చుట పాపము కాదు. అబద్ధము పాపమే. నిజము చెప్పుము, చాలును."

"చెప్తె తిరిగిచ్చేస్తడు!"

"నీవు ప్రత్యేకముగా చెప్పనక్కరలేదు శౌరమ్మా. వినవలసిన వారు వినియుందురు."

"ఎట్ల వింటరు? గుసగుసనే చెప్తి గదా!"

అప్పుడు మెట్ల మీద మేక అరిచింది. మనుషుల మాట అరిస్తే తప్ప వినపడని శౌరమ్మ చటుక్కున తల తిప్పింది. "మా ఎర్రది!" జపమాల అందుకుని బయటికి పరుగెత్తింది. మెట్ల మీద నాలుగు మేక పెంటికలు తప్ప ఎవరూ లేరు.

మర్నాడు పొద్దు గూకే వేళ, మా వాకిట్లో శౌరమ్మ తెల్లచీరతో, చెంబు అమ్మ చేతిలో పెట్టి "పోతున్ననే" అంటుండగా బొజ్జయ్య వచ్చాడు. తలకు నూనె, ఉతికిన పంచె, చంకలో మేకపిల్ల.

"అక్కా, పోతున్న."

"యాడికి?"

"పైకి. ఇయ్యాల రాత్రికే. మా వేల్పు పిలిచింది. పోయేముందు ఈ పిల్ల నీకు."

"నీకేం రోగంరా? గుండు లెక్కున్నవ్!"

"నువ్వు లేవా? పోయెటోని మాట కాదనొద్దు." అతను పిల్లను ఆమె చేతుల్లో పెట్టాడు. "ఇంకోటి. నిన్ను మనసుల పిచ్చిముసల్దని అనుకున్న. మన్నించు."

చేతిలో మేకపిల్ల ఆమె జపమాల నమలడం మొదలుపెట్టింది.

"తాటాకులు నేనే వచ్చి తీస్కపోత" అన్నాడు బొజ్జయ్య, పక్కకు చూస్తూ. "సోమారం అబద్ధం ఆడకు. నా మూలంగ నీ మోక్షం ఆగొద్దు."

"నీకెవరు చెప్పిండ్రు?"

"నువ్వే. ఊరంతటికి."

ఆమె మా అందరి ముఖాలూ చూసింది. మేమంతా ఆకాశం చూశాం.

"మరి ఈ పిల్లను పొద్దుగాల వచ్చి అడుగుతవా?" అంది చివరికి.

"యాదికుంటే" అని బొజ్జయ్య కర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

శౌరమ్మ చాలాసేపు మేకపిల్లను చూసింది. తల్లి బొజ్జయ్య ఇంట్లో, పిల్ల తన చంకలో. పొద్దున పాలు తాగించడానికి అక్కడికి మోసుకెళ్ళాలి, మళ్ళీ మధ్యాహ్నం, మళ్ళీ సాయంత్రం. ఆమె పెదాల మీద లెక్కలు నడిచాయి.

"తెల్లారంగనే దీని పని ఉంటదే" అంది అమ్మతో, కొంచెం సిగ్గుపడుతూ. పిల్ల నోట్లోంచి జపమాల లాగి, చీర కొంగుతో తుడిచి, మెడలో వేసుకుంది. గుమ్మం దాటి రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"చెంబు నీతాననే ఉంచు. పోయొస్త."