అవ్వ అప్పజెప్పిన అక్షరాలు

అద్దాలాయన అసలు పని గడియారాల రిపేరు. బజారు సందులో, రెండు పెద్ద దుకాణాల నడుమ, తలుపంత వెడల్పున్న కొట్టు ఆయనది. లోపల ఒక స్టూలు, ఒక బల్ల, గోడ నిండా తలో టైమూ చూపించే గడియారాలు. "ఇన్ని గడియారాలున్నాయి, ఒక్కదానికీ నిన్ను వేళకు ఇంటికి పంపడం చేతకాదు" అని భార్య దెప్పుతూనే ఉంటుంది. నెలకు మూడు రోజులైతే ఆయన అసలు ఇంటికే రాడు. వాడిన కళ్లద్దాలు నింపిన రేకుపెట్టె భుజాన వేసుకుని కొండెక్కుతాడు.

"కొండెక్కమంటే కాళ్లొస్తాయి, కూరగాయలు తెమ్మంటే మాత్రం మోకాళ్లు పట్టేస్తాయి!" అని సణిగేదీ ఆవిడే, దారికి రొట్టెలు మూటగట్టేదీ ఆవిడే.

పందొమ్మిదేళ్లుగా ఇదే వరస.

చిన్నప్పుడు బళ్లో ఆయన్ని మొద్దు అని పిలిచేవారు. చెట్టు చివర కూచున్న పిట్ట ముక్కు రంగు చెప్పేవాడు గానీ, పుస్తకం తెరిస్తే అక్షరాలు చీమల్లా చెదిరిపోయేవి. వీపు మీద బెత్తాలు విరిగాయి తప్ప చదువు అంటలేదు. చివరికి మిషను బడి టీచరమ్మ ఒకావిడ, ఎవరో దానమిచ్చిన దళసరి అద్దాలు తెచ్చి, దారంతో చెవులకు కట్టింది. "వీడు మొద్దు కాదు, వీడికి దగ్గరిచూపు లేదు. కనిపెట్టలేని మొద్దులం మనమే" అందట తోటి మాస్టార్లతో. ఆ మాట ఆయన మరిచిపోలేదు. అందుకే మిషను నర్సమ్మ ఆయన కొట్టు దగ్గరికి వచ్చి, "అన్నా, ఊళ్లో వాడిపారేసిన అద్దాలు పెట్టెడు పోగుచేశాం. ఎవరికేది సరిపోతుందో చూసిపెట్టడానికి కొండమీదికి వస్తావా?" అని అడిగితే, చేతిలో ఉన్న గడియారం మూత కూడా బిగించకుండా లేచాడు.

కొండమీద ఆఖరి పల్లెకు సర్కారు కాగితాల్లో రోడ్డుంది, ఆసుపత్రి ఉంది, బడి కూడా ఉంది. కాళ్ల కింద మాత్రం ఆరు గంటల రాళ్లబాట తప్ప ఏమీ లేదు. ఓట్లకు వచ్చినవాళ్లు రెండో వాగు దగ్గరే ఫొటోలు దిగి వెనక్కి మళ్లేవారు. ఆ వాగు దాటి ఎక్కేది నర్సమ్మ ఒక్కతే, వీపున మందుల సంచితో. ఆవిడకో అలవాటుండేది. మందులివ్వబోయే ముందు అందరినీ వరసలో నిలబెట్టి, ఒక్కో ముక్కా తాను చెబుతూ, వాళ్లచేత ప్రార్థన చెప్పించేది. అది అయ్యాకే సంచి విప్పేది.

మొదటిసారి వెళ్లినప్పుడు అద్దాలాయన దగ్గర అరచేతంత అట్ట ఒకటుంది. దానిమీద పైన పెద్ద అక్షరాలు, కిందికి పోయేకొద్దీ చిన్నవి. ఎంతవరకు చదివితే చూపు అంత బాగున్నట్టు. ముందుగా ఊరిపెద్ద వచ్చాడు. కిందికి దిగి మూడో తరగతి దాకా చదువుకున్న మనిషి. అట్ట పట్టుకుని గొంతెత్తి చదివాడు: "ట, ర, వ. క, ద, మ, ల..." చివరి వరసా వదల్లేదు. ఆయన వెనక వరసలో ఉన్నవాళ్లంతా శ్రద్ధగా విన్నారు. రెండోమనిషి కూడా తడుముకోకుండా చెప్పేశాడు. మూడో ఆవిడా అంతే. పల్లెలో అందరికన్నా పెద్దదైన విత్తనాలవ్వ సంగతి చెప్పనే అక్కర్లేదు, గడగడా అప్పజెప్పింది. తడబడింది ఇద్దరే ఇద్దరు, తేనె తీసే బావామరుదులు. అద్దాలు వాళ్లిద్దరికే దక్కాయి.

"ఈ ఊరికి చదువు లేదన్నదెవరమ్మా? ఊరంతా చక్కగా చదువుతోంది. చూపు కూడా భేషుగ్గా ఉంది!" అని అద్దాలాయన మురిసిపోతూ కొండ దిగాడు. నర్సమ్మకు కాస్త అనుమానం వచ్చింది గానీ, ఆరోజు జ్వరాల హడావుడిలో పట్టించుకోలేదు.

నెలకో పల్లె చొప్పున చుట్టి, ఏడాది తిరిగాక మళ్లీ ఆ పల్లెకు వెళితే, ఎదురొచ్చిన పిల్లల డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. పంట సగానికి సగం పోయింది, చేలనిండా కలుపు.

ఆ ఊళ్లో విత్తనం ఏరడం అవ్వ ఒక్కదాని పని. పంట నూర్చాక ఇంటింటి విత్తనమూ ఆమె ముంగిటికి చేరాలి, ఆమె గింజగింజా చూసి వేరుచేయాలి. ఆ చెయ్యి పడని గింజను ఎవరూ నేలలో వేయరు. అక్కడి కలుపుగింజ అచ్చం పంటగింజలాగే ఉంటుంది. తేడా అల్లా వీపున వెంట్రుకంత నల్లగీత. గోటితో తడిమితే ఆ గీత తగలదు, కళ్లకే కనబడాలి. అవ్వకు కనబడటం మానేసి రెండేళ్లయింది. ఆ సంగతి ఊరికి తెలుసు. "అవ్వా, నీకు ఆనడం లేదు" అని మొహంమీద చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. మిగిలిన విత్తనం ఇప్పుడు రెండు బుట్టలు. నాలుగు రోజుల్లో విత్తాలి. ఇది కూడా కలుపైతే ఊరు ఊరంతా కొండ దిగి కూలికి పోవాల్సిందే. పోయినవాళ్లు తిరిగొస్తారన్న నమ్మకం లేదు.

అద్దాలాయన్ని చూడగానే అవ్వ చేట విసురుగా పక్కన పెట్టింది.

"వచ్చావా నాయనా? పోయినేడు నీ ప్రార్థన ముక్క పొల్లుపోకుండా చెప్పానుగా. తప్పులు చెప్పిన తేనెగాళ్లకేమో అద్దాలా, నాకేమో ఉత్తచేతులా? కోపం నీకా, మీ దేవుడికా?"

"ఏ ప్రార్థన అవ్వా?"

అవ్వ లేచింది, చేతులు జోడించింది, కళ్లు గట్టిగా మూసుకుంది. "ట, ర, వ. క, ద, మ, ల..." అంటూ, చీమతలకాయంత అక్షరాలున్న చివరి వరసదాకా, కళ్లు తెరవకుండానే చెప్పేసింది.

నర్సమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ కొంగుతోనే కళ్లు తుడుచుకుంది. కిందినుంచి వచ్చినవాళ్లు ఏం చెబితే అది తిరిగి చెప్పాలి, అప్పుడే చేతిలో ఏదైనా పడుతుంది. ఊరు నేర్చుకున్న పాఠం అదీ. నేర్పింది ఆవిడే.

"తప్పు నీది కాదన్నా, నాది," అంది. "ఇకమీదట ముందు మందు. ప్రార్థన తర్వాత, అదీ ఇష్టమున్నవాళ్లకే."

"నాది మాత్రం తక్కువ తప్పా? కళ్లు చూడమంటే జ్ఞాపకశక్తిని చూసి వచ్చాను," అంటూ ఆయన పెట్టె మొత్తం చాపమీద గుమ్మరించాడు. అరవై జతలు. ఒక్కోటీ అవ్వ ముక్కుమీద పెట్టి, చేతిలో గింజ పెట్టి, "గీత ఆనుతోందా?" అని అడిగాడు. దేనికీ ఆనలేదు. చివరి జత కూడా తీసేశాక అవ్వ చెయ్యి చాపింది.

"నీ మొహమ్మీదిది ఇటివ్వు."

గడియారాలు బాగుచేసేవాడికి అద్దాలు పోతే పది వేళ్లూ పోయినట్టే. ఆయన చెయ్యి చెవిదాకా వెళ్లి ఒక్క క్షణం ఆగింది. తర్వాత అద్దాలు తీసి ఇచ్చేశాడు. అవ్వ పెట్టుకుంది, గింజను తిప్పింది, కెవ్వున కేకేసింది.

"ఇదిగో! దొరికాడు దొంగ!"

నాలుగు రోజులు అవ్వ చేట ముందునుంచి లేవలేదు. అద్దాలాయన కొండ దిగలేదు. దగ్గరున్నదంతా మసగ్గా ఉన్న ఆయనకు పల్లె వంతులు వేసుకుని తిండి పెట్టింది. కొరతలో ఉన్న ఊరు, తాను సగం మానుకుని పెట్టిన తిండి అది. ఆ సంగతి ఆయనకు చూపు లేకపోయినా తెలిసింది. తేనె బావామరుదులు చెరో చెయ్యీ పట్టుకుని వాగుకు తీసుకెళ్లేవాళ్లు.

"చూసుకో అన్నా, ఇక్కడ గొయ్యుంది. పోయినేడు నీ అద్దాలు పెట్టుకుని మేం పడింది ఇందులోనే."

"మంచి కళ్లకు అద్దాలిచ్చిన నన్ను కూడా తోసెయ్యండిరా, లెక్క సరిపోతుంది."

"తోద్దుమే గానీ, అవ్వ మమ్మల్ని చంపుతుంది!"

నాలుగోనాడు రెండు బుట్టలూ ఒకటిన్నర అయ్యాయి. అవ్వ అద్దాలు శుభ్రంగా తుడిచి, తన చేత్తోనే ఆయన ముక్కుమీద పెట్టింది. ఆయనకు మొట్టమొదట కనిపించినవి అరిగిపోయిన ఆమె గోళ్లు. మరుసటి నెల తనలాంటి అద్దాలే ఒక జత చేయించి పట్టుకెళ్లాడు. ఆనాటినుంచి అక్షరాల అట్ట మళ్లీ కొండెక్కలేదు. అవ్వ ఇచ్చిన, కలుపు కలిసిన గుప్పెడు గింజలే చిన్న డబ్బాలో ఆయన వెంట తిరుగుతున్నాయి. ఏ పల్లెలోనైనా సరే, గీత కనిపెట్టి చెబితే చూపు బాగున్నట్టు. కొండవాళ్లను అమాయకులనడం కిందివాళ్లకు అలవాటు. ఎవరు ఎవరికి పరీక్ష పెట్టారో ఆయన్నడిగితే చెబుతాడు.

ఆ ఏడు పంట కలుపు లేకుండా పండింది. కోత అయ్యాక పాకలో కృతజ్ఞతారాధన పెట్టారు. రమ్మని ఎవరూ చెప్పలేదు, ఊరంతా వచ్చింది. దేవుడు చేసిన మేలు గురించి ఎవరైనా సాక్ష్యం చెప్పండని నర్సమ్మ అడిగితే, అవ్వ లేచింది. తెచ్చుకున్న చేటలోని గింజలు అందరికీ కనబడేలా పైకెత్తింది. ఈసారి కళ్లు మూసుకోలేదు. అద్దాల్లోంచి సూటిగా అద్దాలాయన్నే చూస్తూ మొదలెట్టింది.

"ట, ర, వ. క, ద, మ, ల..."

ఆపబోయిన ఊరిపెద్దను నర్సమ్మ చేత్తోనే వారించింది. అవ్వ చివరి అక్షరందాకా చెప్పింది. చర్చిలో ఎప్పుడూ వెనకవరసలో పెదవులు మాత్రమే కదిపే అద్దాలాయన, ఆరోజు అందరికన్నా ముందు, గొంతు విప్పి "ఆమెన్" అన్నాడు.