ఆర్విడ్ అట్టముక్కలు

ఇటలీలో ఫ్లారెన్స్ వెళ్లే రైల్లో నా ఎదురుగా కూర్చున్న వెర్నా, కెనడాలోని మా సస్కాచెవాన్ మనిషే. డెబ్బై దాటిన ఆమె స్టేషను వచ్చినప్పుడల్లా ఒడిలోని అట్టముక్క మీద రాసున్న రైలు వేళలపై వేలు పెట్టి, గడియారం చూసుకుంటోంది. "మా ఆయన రాశాడండీ. నలభై ఏళ్లు స్కూలు బస్సు తోలాడు. ఏ మరుగుదొడ్డికి డబ్బులడగరో కూడా రాశాడు, చూడండి!" అని నవ్వింది. నేను చదివిన గైడు పుస్తకాల్లో ఇంత శ్రద్ధ చూడలేదు. ఆమె భర్త ఆర్విడ్‌కి టూరు బృందాలంటే గిట్టదు. "ఆ మందలో నేను నడవను" అనేవాడట. ఆమెకేమో తమంతట తాము తిరగడమంటే భయం. చివరికి ఈ ప్రయాణానికి రాజీ కుదిరింది: మొదటి మూడు రోజులూ ఆయన ఇష్టం, తర్వాత పది రోజులు టూరుతో ఆమె ఇష్టం. మార్చిలో ఆయన పోయాడు. పిల్లలు వద్దన్నా ఆమె ఒంటరిగా బయలుదేరింది. రోజుకొక అట్ట చొప్పున, ఆయన చెప్పిన సూపే తాగుతూ, ఆయన చెప్పిన బెంచీల మీదే కూర్చుంటూ వచ్చింది. "ముందే చదివేస్తే ఆయన మాటలు అయిపోతాయి కదండీ" అంది.

రైలు ఆగుతుండగా చివరి అట్ట అడుగున ఉన్న వరసలు చదివి, నాకు చూపించింది. "నాలుగింటికి స్టేషను బయట టూరువాళ్ల పసుపు గొడుగు. నా పెత్తనం అయిపోయింది, వెర్నా. ఇక నువ్వెటంటే అటే వస్తా." టూరువాళ్లు ఎప్పుడో ఇంటికి పంపిన తమ ఇద్దరి పేరు బిళ్లలూ సంచిలోంచి తీసి, కోటుకు పక్కపక్కనే గుచ్చుకుంది. అట్టను జేబులో పెట్టుకుని, పసుపు గొడుగు కింది మందలోకి నడిచి వెళ్లిపోయింది.