అయిదో శబ్దం

మా అన్న కళ్ళు పోయి ముప్పై ఏళ్ళు దాటింది. అవి పోయిన మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. అన్నం క్యారియరు పట్టుకుని మా బావి దగ్గరికి వెళ్ళాను.

మాది కర్ణాటకలో పావగడ దగ్గర ఒక చిన్న ఊరు. బావిలో నీళ్ళు అడుగంటితే, అడుగున ఉన్న బండను పగలగొట్టి ఇంకా లోతు దించడం అప్పట్లో మామూలు. బండకు బెజ్జాలు వేసి, వాటిలో పేలుడుమందు తూటాలు కూరి, ఒత్తులు ముట్టించి పైకి పరుగెత్తుకొచ్చేవాళ్ళు. పెట్టిన తూటాలన్నీ పేలాయని లెక్క చూసుకున్నాకే ఎవరైనా లోపలికి దిగాలి. మా బావికి తూటాలు పేల్చడానికి సరిహద్దు అవతలి ఆంధ్రా ఊరి నుంచి ఒక మనిషి వచ్చేవాడు. బక్కగా ఉండేవాడు, మాట తక్కువ.

ఆ రోజు ఆయన పైకొచ్చి, "అయిదు పెట్టినా. అయిదూ ఇనిపించినంక దిగుదామప్పా" అని చెప్పి, దారిన ఎవరూ రాకుండా కాపలాకు అవతలి గట్టు మీదికి పోయాడు. అన్నా నేనూ కానుగచెట్టు వెనక్కి చేరాం.

లెక్కపెట్టింది నేను. అన్న పెట్టమనలేదు, నాకే సరదా పుట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత ఢామ్మని ఇంకోటి. "అయిదు!" అని చప్పట్లు కొట్టి మరీ అరిచాను. అన్న తలగుడ్డ బిగించుకుని బావి వైపు నడిచాడు. గట్టు మీంచి ఆ మనిషి, "ఉండప్పా, పొగ పోనీ" అని కేకేశాడు. అన్న అప్పటికే మెట్లు దిగుతున్నాడు. సగం మెట్లు దిగాడో లేదో, బావి మళ్ళీ పేలింది.

రెండు కళ్ళూ, కుడిచేతి మూడు వేళ్ళూ పోయాయి. ఆసుపత్రిలో స్పృహ వచ్చినప్పుడల్లా అన్న ఒకటే మాట అనేవాడు. "అయిదోది బావిలోంచి రాలా. పైనుంచి వచ్చింది." జ్వరంలో ఏదో పలవరిస్తున్నాడని మా అమ్మ తడిగుడ్డ మార్చేది.

ఊళ్ళో పంచాయితీ పెట్టారు. అయిదు పేలాయని అందరూ విన్నారు. కాబట్టి అన్న మీద పేలింది ఆరోది. అయిదని చెప్పి ఆరు పెట్టాడని ఆ మనిషిని నిలదీశారు. "అయిదే పెట్టినానప్పా. నా బిడ్డల మింద ఒట్టు" అన్నాడు. మళ్ళీ మళ్ళీ అదే అన్నాడు. మా పెదనాయన కాలి చెప్పు తీసి చెంప మీద కొట్టాడు. ఆ మనిషి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. నేను ఆడవాళ్ళలో నిలబడి చూశాను. మొదటి నాలుగింటికీ నా కాళ్ళ కింద అదిరిన నేల అయిదో శబ్దానికి అదరలేదేమోనని నాకు అప్పుడే అనుమానం. ఆ అనుమానంతో నోరు తెరిచే ధైర్యం రాలేదు. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరూ ఆయన్ని పనికి పిలవలేదు.

నన్ను మా ఊళ్ళోనే ఇచ్చారు, అన్న ఇంటికి రెండు ఇళ్ళ అవతల. అన్నకు కూడా పెళ్ళయి ఒక కూతురు పుట్టింది. సోలార్ పార్కు వచ్చినప్పుడు మా వేరుశెనగ చేలు లీజుకు పోయాయి. బావిని మట్టితో పూడ్చి చదును చేశారు, ఇప్పుడు దాని మీద సోలార్ పలకలున్నాయి. అన్న కూతురు అక్కడే ఆఫీసులో కంప్యూటరు పని చేస్తోంది. ఆదివారం పూట ఫోనులో కన్నడ వార్తలు చూసి వాళ్ళ నాయనకు తెలుగులో చెబుతుంది. పోయిన ఎండాకాలం ఒక ఆదివారం నేనూ అక్కడే కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను.

"నాయనా, శబ్దం కంటే జోరుగా పోయే విమానాలు మళ్ళా వస్తాయంట. జనాలు కూచోనేటివి" అంది.

"మళ్ళా అంటే? ముందు ఉన్న్యా?"

"ఉన్న్యంట. సముద్రం దాటేకి మామూలు విమానానికి పట్టే టైములో సగం చాలంట. టిక్కెట్టు మనట్లాంటోళ్ళకు అందేది కాదు. ఆయిలు బో తాగేది. పైగా అది పోయిన దోవ పొడుగునా కింద బాంబు పడినట్ల శబ్దం. సముద్రం మింద తప్ప నేల మింద అంత జోరుగా పోవద్దన్నారు. కడాకు నిలిపేసినారు."

"ఇప్పుడేమంట?"

"ఆ శబ్దం తగ్గించేకి చూస్తా ఉండారు. తగ్గితే ఊర్ల మింద కూడా పోనిస్తారేమో. ఎప్పుడొస్తాయో ఎవురికీ తెలీదు. యుద్ధానికి వాడే విమానాలు మాత్రం ఎప్పట్నుంచో అట్ల పోతానే ఉండాయి. ఒగోతూరి జనాలు భూకంపమని ఇండ్లలోంచి బయటికి పరిగెత్తేది దానికే."

అన్న ముందుకు జరిగి, "ఆ శబ్దం ఎట్లుంటాది? ఉంటే పెట్టు" అన్నాడు.

అమ్మాయి వెతికి పెట్టింది. ఫోనులోంచి చిన్నగా, పొడిగా వచ్చింది. అన్న ఫోను చెవి దగ్గర పెట్టించుకుని నాలుగుసార్లు విన్నాడు. నా వైపు తిరిగి, "మే, ఇదే. ఆ పొద్దు చెప్తే ఎవురూ ఇనలా" అన్నాడు.

ఆ రోజు మా మీదుగా ఏ విమానం పోయిందో, అసలు పోయిందో లేదో, ఇప్పుడు తేల్చగలిగేవాళ్ళు లేరు. కానీ అన్న మాట నిజమైతే, పేలినవి నాలుగే. అన్న మీద పేలింది అయిదోది, ఆలస్యంగా. ఆ మనిషి అబద్ధం చెప్పలేదు.

"విమానంలో కూచున్నోళ్ళు ఆ శబ్దానికి భయపడరా?" అని అడిగాను.

"లోపల ఉన్నోళ్ళకు ఇనపడదంట అత్తా. కిందోళ్ళకే."

"అయితే శబ్దం లేకుండా చేసినంకనే రానీ. లేకుంటే వద్దు" అన్నాడు అన్న.

"మనల్ని ఎవురు అడుగుతారు నాయనా?"

మరుసటి ఆదివారం ముగ్గురం పావగడలో బస్సెక్కి ఆ తూటాల మనిషి ఊరికి పోయాం. ఆయన చనిపోయి ఆరేళ్ళయిందట. ఆయన భార్య వసారాలో శెనక్కాయలు ఒలుచుకుంటోంది. అన్న నల్లకళ్ళద్దాలు చూడగానే ఎవరో పోల్చుకుంది. కూర్చోమనలేదు. అన్న నిలబడే చెప్పాడు.

"అమ్మా, ఆయప్ప అయిదే పెట్టినాడు. ఇంకోటి ఆకాశంలో విమానం శబ్దం. మావోళ్ళు తప్పు చేసినారు."

ఆమె చేతులు ఆగలేదు. "మొదట్లో అయిదే అనేటోడు" అంది. "పొద్దున లేస్తానే వేళ్ళు మడిచి లెక్కపెట్టేటోడు. ఏ బెజ్జం యాడ, ఏ ఒత్తి ముందు ముట్టించినాడు, అంతా చెప్పేటోడు. అందరూ ఆరు ఆరు అంటాంటే, కడాకు ఆయప్పకే అనుమానం పట్టుకున్యాది. ఆరే పెట్టింటాలే, నేనే మర్చిపోయింటా అనుకుంటానే సచ్చిపోయినాడు."

అన్న గోడ పట్టుకుని కిందికి జారి కూర్చున్నాడు. అన్నకు కళ్ళనీళ్ళు కూడా రావు. అన్న కూతురు ఒక్కతే ఏడ్చింది. లెక్కపెట్టింది నేనని ఆ రోజు నేను చెప్పలేదు.

ఊరికి తిరిగొచ్చాక అన్న టీ అంగడి దగ్గర పెద్దవాళ్ళను కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పాడు. ఇద్దరు తల ఊపారు. ఒకాయన, "ఇప్పుడెందుకులేప్పా" అని లేచి పోయాడు. మంచం పట్టిన పెదనాయనకు చెబితే ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పది రోజుల తర్వాత నేను ఒక్కదాన్నే మళ్ళీ వెళ్ళాను. ఆమె వాకిలి చిమ్ముతోంది. "ఆ పొద్దు అయిదు అని అరిచింది నేనేనమ్మా. నేల అదరలేదని నాకు అనుమానం ఉన్న్యాది. పంచాయితీలో చెప్పల్యా" అన్నాను.

ఆమె చీపురు పట్టుకునే నన్ను చూసింది.

"ఆయప్ప బతికుండంగా ఈ దోవ తెలీలేదా నీకు?" అంది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

తిరుగు బస్సు సాయంత్రానికి గానీ లేదు. ఆ ఊరి రోడ్డు మీద ఎండలో నిలబడ్డాను. మంచినీళ్ళు అడగడానికి కూడా ఎవరి గడపకూ పోబుద్ధి కాలేదు.