తప్పిపోయిన గొర్రె ఆట

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నేను దేనికి భయపడేవాణ్ణో చెప్పడం కన్నా దేనికి భయపడేవాణ్ణి కాదో చెప్పడం తేలిక. ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల షాపులో పని, బెజవాడలో అక్కావాళ్ళింట్లో మకాం. షట్టరుకి తాళం వేశానో లేదో అని సగం దారి వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళేవాణ్ణి (వేసే ఉండేది). అలాంటివాడికి మా అక్క తన ఇద్దరు పిల్లల్నీ భక్తిలో పెంచే పని అప్పజెప్పింది. మనుషుల్ని అంచనా వేయడంలో ఆవిడకి మొదటినుంచీ కాస్త తొందరెక్కువ.

అక్క నర్సు. ఆ వారం మధ్యాహ్నం డ్యూటీ పడింది, వచ్చేసరికి రాత్రవుతుంది. బావగారు ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరుగుతారు. మా ఇంట్లో, హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లెటూళ్ళో, నాన్న చర్చిలో సంఘపెద్ద కావడంతో పొద్దుగూకేసరికి చాప పరిచి అందరం ప్రార్థనకి కూర్చోవాల్సిందే. వానొచ్చినా, చుట్టాలొచ్చినా సరే. అక్క పెళ్ళయి వస్తూ ఆ అలవాటుని సామానుతోపాటు తెచ్చుకుంది. "నేను లేనని కుటుంబ ప్రార్థన మానేశారంటే ఊరుకోనురోయ్. పాట పాడించు, బైబిల్లోంచి వాక్యం చెప్పు, ప్రార్థన చేయించు. పిల్లలకి అర్థమయ్యేలా చెప్పాలి, సాగదీయకు" అని చెప్పి ఆటో ఎక్కింది.

మొదటిరోజు నేను వాక్యం చెబుతుంటే మేనల్లుడు చాపమీదే నిద్రపోయాడు. వాడికి తొమ్మిదేళ్ళు. ఆరేళ్ళ మేనకోడలు, మేం బుడ్డీ అని పిలిచేది, నిద్రపోలేదు. పోయినా బాగుండేది. "మామయ్యా, అందరూ ఒకేసారి ప్రార్థన చేస్తే దేవుడికి గోలగా ఉండదూ?" అని అడిగింది. నేను గబగబా ఆమేన్ అనేశాను. మర్నాడు అక్కతో మొరపెట్టుకుంటే, "ఆడించి చెప్పరా బాబూ! సండేస్కూల్లో మనకట్టాగే కదా చెప్పింది" అంది. షాపులో బేరింగులు సర్దుతూ రోజంతా అదే ఆలోచన. సాయంత్రానికి మెరుపులాంటి ఉపాయం తట్టింది. మంద నుంచి తప్పిపోయిన గొర్రె కథ. ఒకళ్ళు గొర్రె, ఇద్దరు కాపరులు. గొర్రె దాక్కుంటుంది, కాపరులు వెతికి భుజాలమీద ఎత్తుకొస్తారు. ఇంతకన్నా తేలిక ఏముంటుంది?

బుడ్డి తనే గొర్రెనంది. తెల్ల తువాలు ఒకటి నెత్తిమీంచి కప్పుకుంది. నేను ఉత్సాహం కొద్దీ, ఆ గొర్రె కొండలు దాటి ఎంతో దూరం పోయిందనీ, ముళ్ళపొదలో చిక్కుకుందనీ, చీకటి పడుతోందనీ చేతులు తిప్పుతూ వర్ణించాను. ఇంట్లోనే దాక్కోవాలమ్మా అన్న ఒక్క ముక్క మాత్రం చెప్పలేదు. తర్వాత నేనూ మేనల్లుడూ గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుని, అన్ని చరణాలతో ఒక పాట పాడాం. గొర్రెకి దాక్కోవడానికి తగినంత వ్యవధి ఉండాలి కదా అని నా ఉద్దేశం.

పాటయ్యాక మంచంకింద చూశాం. లేదు. బీరువా వెనక, బియ్యం డ్రమ్ము పక్కన, బాత్రూములో, ఎక్కడా లేదు. "బుడ్డీ, ఆటయిపోయింది, వచ్చెయ్యమ్మా" అన్నాను. చప్పుడు లేదు. వీధి తలుపు ఓరగా తీసి ఉంది. మెట్లు దిగి కిందికి పరిగెత్తాను.

మాది మొదటి అంతస్తు. కింద వాటాలో ఇంటిగలావిడ ఉండేవారు, అందరికీ మామ్మగారు. అప్పుడే పూజగదిలో దీపం వెలిగించి వస్తున్నారు. "మామ్మగారూ, మా బుడ్డి ఇటొచ్చిందాండీ?" అని అడిగితే, "రాలేదు బాబూ. నేనిందాకే డాబామీద వడియాలు తీసి, కోతులొస్తాయని తలుపు గడియపెట్టి దిగాను. మెట్లమీదా కనపళ్ళేదే" అన్నారు. డాబా తలుపుకి గడియ ఉందంటే పైన ఉండే ప్రశ్నే లేదు. ఇక మిగిలింది గేటు. గేటు బార్లా తీసి ఉంది. వీధి చివర కాలవ.

ఆ కాలవ దాకా ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. చెప్పులు ఎక్కడ జారిపోయాయో కూడా తెలియదు. గట్టుమీద బజ్జీల బండావిడ నన్ను చూసి బెదిరిపోయింది. "అమ్మా, తెల్ల తువాలు కప్పుకున్న పాప ఇటొచ్చిందాండీ?" అన్నాను రొప్పుతూ. "తువాలెందుకు కప్పుకుంది బాబూ?" "గొర్రెండీ." ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "పాపా, గొర్రా? సరిగ్గా చెప్పు" అంది. ఏ పాపా రాలేదని, తను మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉన్నానని ఆవిడ ఎంత చెప్పినా నా కళ్ళు నీళ్ళమీంచి కదల్లేదు. గుర్రపుడెక్క గుంపులుగా నెమ్మదిగా పోతోంది. దాని మధ్య తెల్లగా ఏదో కనిపించింది. గట్టు అంచుదాకా దిగాను. ప్లాస్టిక్ సంచి.

తిరిగొచ్చేసరికి ఇంటిముందు సగం వీధి పోగయి ఉంది. ఎవరికి తోచిన వైపు వాళ్ళు "బుడ్డీ, బుడ్డీ" అని కేకలు. ఒకాయన పోలీసులకి ఫోన్ చేద్దామన్నాడు. మామ్మగారు వెంకన్నకి మొక్కుకుంటూనే, మధ్యలో ఆగి, "బాబూ, మీ దేవుడికి నువ్వూ చెప్పుకో, ఇద్దరూ చూస్తారు" అన్నారు. చెప్పుకుందామనే మెట్లమీద కూలబడ్డాను. చర్చిలో యవ్వనస్థుల కూటాల్లో మైకు పట్టుకుంటే పావుగంట దించనివాణ్ణి, "ప్రభువా, పిల్ల" అన్నాక ఇంకో మాట రాలేదు. అక్క ఇంకాసేపట్లో వచ్చేస్తుంది. ఏమని చెప్పాలి?

అప్పుడే కరెంటు పోయింది. "అయ్యో, ఇప్పుడేనా" అని అందరూ ఉసూరుమన్నారు. కానీ కరెంటుతోపాటు వీధిలో టీవీలన్నీ, ఎదురింటి మిక్సీ, పక్కింటి మోటారు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో నెత్తిమీద ఎక్కడినుంచో, అలిసిపోయిన చిన్న గొంతుతో, "మే..." అని వినబడింది.

"మామయ్యా, గొర్రె!" అని అరిచాడు మేనల్లుడు.

గడియ తీసి డాబామీదికి దూకినట్టే వెళ్ళాను. వెనకాలే సెల్‌ఫోను లైట్లతో వీధి. మామ్మగారి గులాబీ కుండీలకీ కాగితంపూల చెట్టుకీ మధ్య, తువాలు ముళ్ళకి తగులుకుని, మా బుడ్డి నాలుగు కాళ్ళమీద కూర్చుని ఉంది. ఊళ్ళో ముళ్ళపొద అంటూ దానికి తెలిసింది అదొక్కటే. నేను కళ్ళు మూసుకుని పాడుతున్నప్పుడు అది పైకెక్కింది. మామ్మగారు దాన్ని చూసుకోకుండా గడియ వేసి దిగిపోయారు.

"పిలుస్తుంటే పలకవేమే!" అని అరిచాను.

"పలికాను. గొర్రె అట్టాగే కదా పలుకుద్ది?" అంది. చెయ్యి పట్టుకుని లేపబోతే లేవలేదు. "కాపరి తిట్టడు మామయ్యా. భుజాలమీద ఎత్తుకుంటాడు. నువ్వే చెప్పావ్."

ఎత్తుకున్నాను. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగాను. పైనుంచి అది, "ఇప్పుడు ఇరుగుపొరుగు వాళ్ళందర్నీ పిలిచి సంతోషించాలి" అని గుర్తుచేసింది. పిలవక్కర్లేకుండానే అందరూ ఉన్నారు. మామ్మగారు కళ్ళు తుడుచుకుంటూ లోపలికెళ్ళి కొబ్బరి ఉండల డబ్బా తెచ్చి పంచడం మొదలుపెట్టారు.

సరిగ్గా ఆ సమయానికి గేటు దగ్గర ఆటో ఆగింది. చీకట్లో కొవ్వొత్తులు, వీధి జనం, చెప్పుల్లేని తమ్ముడు, వాడి మెడమీద కూతురు. అక్క ముఖం తెల్లబోయింది. "ఏమైందిరా?" అంది. నేను నోరు తెరిచేలోపే మేనల్లుడు ముందుకొచ్చి, "ఏం కాలేదమ్మా. ఇవాళ ప్రార్థన బాగా జరిగింది" అన్నాడు.

సంగతంతా మామ్మగారే చెప్పారు. అక్క లోపలికొచ్చి, కాళ్ళు కడుక్కుని, యూనిఫాంతోనే చాపమీద కూర్చుంది. "ప్రార్థన చేశారా?"

"సగమే అయిందక్కా."

"రండి, మిగతాది చేద్దాం" అని బుడ్డిని ఒళ్ళోకి లాక్కుని కళ్ళు మూసుకుంది. "తండ్రీ, స్తోత్రం" అంది. ఆ తర్వాత బుడ్డి నెత్తిమీద గడ్డం ఆనించింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వినిపించింది. చివరికి మేనల్లుడే ఆకలేసి ఆమేన్ అన్నాడు.

అందరూ లేచి వంటింట్లోకి వెళ్ళినా నేను మాత్రం చాపమీదే ఉండిపోయాను. ఇదంతా జరిగి ఏళ్ళయింది, ఇప్పుడు మా ఇంట్లోనూ సాయంత్రాలు చాప పరుస్తాం. వాక్యం తెరిచి నా పిల్లల ముఖాలు చూస్తుంటే ఒక్కోసారి ఆ చాపమీద ఒంటరిగా కూర్చుండిపోయిన కుర్రాడు కళ్ళముందు మెదులుతాడు. నవ్వొస్తుంది. పక్కన కూర్చుని, వాడి వీపు నిమిరి, "ఇట్టాంటి భయాలు ఇంకా చాలా ఉన్నాయిలేరా. ముందు లేచి అన్నం తిను" అని చెప్పాలనిపిస్తుంది.