మంచుకి ఒక మెట్టు ఎక్కువ

వియత్నాం కొండల్లో ఉన్న మా దలాత్‌లో పొద్దున్నే కొండల మీంచి దిగిన పొగమంచు ఎండ ముదిరేదాకా కదలదు. అందుకని ఇక్కడ ఫోటోలు తీసేవాళ్ళకి ఒక అలవాటుంది. మంచు తెల్లగా మెరిసి కెమెరాని మోసం చేస్తుంది. వెలుతురు బోలెడుందనుకుని అది మనుషుల్ని నల్లగా దింపుతుంది. కాబట్టి మంచు రోజున లెక్క కన్నా ఒక మెట్టు వెలుగు ఎక్కువ ఇవ్వాలి. "నీడలకి తిండి పెట్టు, తెలుపు తన తిండి తను తింటుంది" అని ఫిల్మ్ రోజుల నాటి మాట. హొవాన్ అన్న ఈ మాట మీదే బతికాడు.

చెరువు గట్టున గుర్రబ్బండ్ల పక్కన నిలబడి కొత్త పెళ్ళికూతుళ్ళకి ఫోటోలు తీసేవాడాయన. వెండి కాగితం అతికించిన అట్ట పట్టుకుని ఆ పెళ్ళికూతుళ్ళ మొహాల మీదకి వెలుగు మళ్ళించేది ఆయన భార్య దియెప్ వదిన. ఊరందరి మొహాలకీ వెలుగు పట్టిన మనిషికి తనదంటూ ఒక మంచి ఫోటో లేదు. దీపం కింద చీకటంటే అదే.

ఫోన్లొచ్చి ఆయన పని మూలపడ్డాక, పాత గిరాకీ ఒకాయన తను వాడి వదిలేసిన కెమెరా ఇచ్చాడు. నలుపు తెలుపు మాత్రమే తీసే డిజిటల్ కెమెరా. రంగు అన్నది దాని కంటికి ఆననే ఆనదు. అన్న దాన్ని చంటిపిల్లలా చంకనేసుకుని తిరిగాడు.

"రంగులు రాని కెమెరానా? కళ్ళజోడు కొనుక్కుని అద్దాలు పీకించుకున్నట్టుంది," అని వదిన ఏడిపించేది.

"రంగు కళ్ళకే. మనిషి కనబడేది నలుపు తెలుపుల్లోనే," అనేవాడాయన. దాని వెనకున్న తెరకి నల్ల టేపు అంటించేశాడు. తీసిన ఫోటో వెంటనే చూసుకోవడం పొయ్యి మీది కుండ మూత మాటిమాటికీ ఎత్తడం లాంటిదట. చెప్పినా వినే రకం కాదు.

ఆ ఫోటోలన్నీ మా దుకాణానికే వచ్చేవి. కంప్యూటర్లో వాటిని తేర్చి, ప్రింటు వేసి ఇవ్వడం నా పని. ఆ కెమెరా నీడలు చూస్తే నాకు ముచ్చటేసేది. కటిక చీకటి లోంచి కూడా పైన్ చెట్టు బెరడు పైకి తీయొచ్చు. దాని తెలుపు మాత్రం మహా కఠినం. మామూలు కెమెరాలో వెలుగు ఎక్కువై ఎరుపు నిండిపోయినా పచ్చలోనో నీలంలోనో కొంచెం మిగిలుంటుంది, గీకి గీకి మొహం తేల్చొచ్చు. దీనికున్నది ఒకటే పాత్ర. నిండి పొర్లితే పొర్లిందే.

"అన్నా, దీనికి లెక్క తిరగబడింది. వెలుగు తగ్గించి తియ్యి, నీడలు నేను లేపుకుంటాను," అని ఒకసారి చెప్పాను.

"నువ్వు పాలు తాగే రోజుల్లోనే నేను మంచులో ఫోటోలు తీశాను, చెల్లీ. నాకు నేర్పకు."

చెరువూ చెట్లూ తీసినంతకాలం ఏ నష్టమూ తెలియలేదు. మంచులో పోయిన తెలుపుని ఎవరు వెతుక్కుంటారు?

తర్వాత వదిన ఊపిరితిత్తులు పాడయ్యాయి. మా వైపు వయసు మళ్ళినవాళ్ళు, తాము పోయాక ఇంట్లో పెద్దల్ని కొలిచే పీఠం మీద పెట్టే ఫోటో ముందే తామే ఎంచుకుంటారు, అందులో ఏడ్చేందుకేమీ లేదు. వదిన కూడా అలాగే అడిగింది.

"నవ్వే ఫోటో ఒకటి తియ్యి. గుర్తింపు కార్డు ఫోటో పెట్టావో, చచ్చాక కూడా నీతో మాట్లాడను. అందులో కోళ్ళు దొంగిలించి పట్టుబడ్డదానిలా ఉన్నాను."

ఫోటో తీసిన పొద్దున నేను వేడి సోయా పాలు పట్టుకెళ్ళాను. వదిన వంటింటి గుమ్మంలో పీట వేసుకుని, తెల్ల ఉన్నిటోపీ పెట్టుకుని, మంచుకి ఎదురుగా కూర్చుంది. అన్న ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"పెళ్ళికూతురు సిగ్గుపడుతోంది, అట్ట ఎవరైనా పట్టండి," అన్నాను నేను. వదిన పగలబడి నవ్వింది. కెమెరా టక్కుమంది. ఆ వెంటనే దగ్గు తెర వచ్చి, ఇక కూర్చోలేకపోయింది. చూపించమని అడిగింది కూడా. ప్రింటు వచ్చాక చూద్దువుగాని అన్నాడు. ఆ వారం దాటకుండానే వదిన పోయింది.

చుట్టాలందరూ ఇంట్లో ఉండగా ఆయన మా దుకాణానికి వచ్చి కెమెరా కార్డు చేతిలో పెట్టాడు. తెరిచాను. వదిన వెనక వంటిల్లంతా స్పష్టంగా ఉంది. పొయ్యి మసి, మూలనున్న చీపురు పుల్లలు, గోడకి వేలాడే గరిటెల తుప్పు. కళ్ళున్నాయి, పెదవుల గీత ఉంది. టోపీ నుంచి గడ్డం దాకా మిగతాదంతా తెల్లటి తెలుపు. మంచుకి ఒక మెట్టు ఎక్కువ ఇచ్చాడు. ఇల్లంతా దక్కింది, ఇల్లాలు దక్కలేదు.

"కొంచెం కాల్చి చూడు. చీకటిగదిలో అయితే కాగితం మీద చెంప దగ్గర ఇంకాస్త సేపు వెలుగు పోసి నలుపెక్కించేవాణ్ణి. మొహం నెమ్మదిగా దిగేది," అన్నాడు.

తెలుపుని కిందికి లాగాను. బూడిదరంగు వచ్చింది, మొహం రాలేదు. ఇంకా లాగాను. సిమెంటు పూత పెట్టినట్టయింది.

"దాని కింద ఏమీ లేదా?"

"లేదన్నా."

"ఏమీ?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన తెర మీద వేలు పెట్టి ఆ తెలుపుని తుడిచాడు, ధూళి పడిందేమో అన్నట్టు. వద్దు వద్దనుకుంటూనే, ఈమధ్య వచ్చిన ఉపాయం ఒకటి చేశాను. పోయినచోట కంప్యూటరే ఊహించి నింపుతుంది. బుగ్గలు వచ్చాయి, ముడతలు వచ్చాయి, ఎడమ బుగ్గన చక్కటి సొట్ట పడింది. వదిన నవ్వుతోంది.

అన్న చాలాసేపు చూశాడు.

"బాగుంది. ఎవరీవిడ?"

నేను మౌస్ మీంచి చెయ్యి తీశాను.

"సొట్ట ఇటు కాదు, కుడిపక్క. తీసెయ్ దీన్ని."

ఆయన ఎదుటే చెరిపేశాను. చివరికి గుర్తింపు కార్డు ఫోటోనే పెద్దది చేసి ఇచ్చాను. బిగించిన మూతితో, వదిన వద్దు వద్దన్న ఆ మొహమే పీఠం ఎక్కింది.

కర్మ రోజులు గడిచాక అగరొత్తులు వెలిగించి రావడానికి వెళ్ళాను. ఆయన పీఠం ముందు చాప మీద కూర్చుని ఉన్నాడు. పళ్ళెంలో వదినకిష్టమైన ఎండు పెర్సిమన్ పళ్ళు పెట్టాడు.

"మాట్లాడుతోందా?" అన్నాను, తేలిక చేద్దామని.

"లేదు. అన్న మాట నిలబెట్టుకుంది." నా వైపు తిరిగాడు. "చెల్లీ, ఆ రోజు దాన్ని నవ్వించింది నువ్వే. ఎదురుగా ఉన్నావు. సొట్ట ఎటు పడేది?"

"కుడిపక్క అని నువ్వే అన్నావు కదన్నా."

"అన్నాను. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఎడమ పక్కే పడుతోంది. నువ్వు చేసిన ఆవిడే వస్తోంది. మా ఆవిడ రావడం లేదు."

నేనూ కళ్ళు మూసుకున్నాను. ఉన్నిటోపీ వచ్చింది, నవ్వు చప్పుడు కూడా వచ్చింది. బుగ్గ దగ్గరికి వచ్చేసరికి నేను చేసిన ఆ మొహమే అడ్డం నిలబడింది.

"కుడిపక్కే," అన్నాను, గొంతు గట్టి చేసుకుని.

ఆయన నా మొహంలోకి చూశాడు.

"నీకూ గుర్తులేదు," అన్నాడు.